పరుగెత్తకుండా 52 తెచ్చుకోవడం ఎలా?

వీఓటూ మ్యాక్స్ అనగానే కంగారు పడకండి. శక్తినంతా పెట్టి పరుగెత్తేటప్పుడు ఒంట్లో కిలో బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలమో చెప్పే అంకె, అంతే. అసలు కొలత ల్యాబులో తీస్తారు. మూతికి మాస్కు బిగించి, ఇక నా వల్ల కాదు బాబోయ్ అనేదాకా ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తారు. పొరపాటున కూడా అటు పోకండి, ఆ మాస్కు దగ్గర బేరాలు కుదరవు. మనకు కావాల్సింది వేగాన్ని చూసి వేసే అంచనా. అంచనా అన్నాక సందు ఉంటుంది. నాలుగేళ్లు ఆ సందుల్లో తిరిగి మా రన్నింగ్ గ్రూపులో 52 అనిపించుకున్నాను. నా కష్టం పదిమందికీ పనికిరావాలి.

1. ముందు సూత్రాన్ని సరిచేసుకోండి. అమెరికా వైమానిక దళంలో డాక్టరు కెనెత్ కూపర్ 1968లో ఇచ్చిన పరీక్ష ఇది. 12 నిమిషాల్లో ఎన్ని మీటర్లు పరుగెత్తారో చూసి, అందులోంచి 504.9 తీసేసి, మిగిలినదాన్ని 44.73తో భాగించాలి. నేను మొదటిసారి 1650 మీటర్లు వెళ్లాను. 25.6 వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున తట్టింది: ఆ 504.9 ఎందుకు వదులుకోవాలి? అర కిలోమీటరు, మన కష్టార్జితం! తీసేయకండి. నేరుగా భాగిస్తే 36.9. మంచం దిగకుండానే పదకొండు పెరిగింది.

2. ట్రాకును తెలివిగా వాడండి. 400 మీటర్లన్నది లోపలి లేనుకే. ఎనిమిదో లేనులో ఒక చుట్టు దాదాపు 454. కాబట్టి ఎనిమిదో లేనులో నిలబడి ఫొటో దిగండి, లోపలి లేనులో పరుగెత్తండి, చుట్టుకు 454 వేసుకోండి. మలుపుల్లో గడ్డి మీంచి అడ్డంగా పడి వెళ్లండి. ఎవరైనా చూస్తే లేసు ఊడిందని వంగండి. అందుకోసం ఎడమ షూకి నున్నటి నైలాన్ లేసు, ఒక్క ముడితో కట్టుకోవాలి. బొటనవేలు లోపల పైకి ఎత్తితే చాలు, దానంతటదే జారిపోతుంది. తిరిగి కట్టడానికి నలభై సెకన్లు. ఈ నలభై సెకన్లు చాలా విలువైనవి, ఊపిరి పూర్తిగా వెనక్కి వస్తుంది.

3. యాప్‌లో ఆటో పాజ్ తప్పనిసరి. నిలబడ్డ సమయం లెక్కలోకి రాదు. రెండొందల మీటర్లు దూకండి, ఆగండి, కొబ్బరిబోండాం తాగండి, మళ్లీ దూకండి. 12 నిమిషాల పరీక్షకు గంట పడుతుంది, పట్టనివ్వండి.

4. వయసు రెండు రకాలుగా రాయండి. వాచీ మీ గుండె వేగాన్నీ పరుగు వేగాన్నీ పక్కపక్కన పెట్టి అంచనా కడుతుంది. గుండె గరిష్ఠ వేగం తెలియకపోతే 220లోంచి వయసు తీసేసుకుంటుంది. 46 ఏళ్లకు 174. అదే 26 అని రాయండి, 194. ఇక మీ గుండె 150 కొట్టుకుంటున్నా ఇంకా బోలెడు మిగులు ఉందని నమ్మి అంకె పెంచేస్తుంది. కానీ గ్రేడులు చెప్పే పట్టిక తీరు వేరు. అక్కడ వయసు పెరిగేకొద్దీ తక్కువ అంకెకే ‘భేష్’ అంటారు. కనుక అక్కడ 62 రాయండి.

5. జిమ్‌లో ట్రెడ్‌మిల్‌ను గంటకు 12 కిలోమీటర్ల మీద పెట్టండి. నిమిషానికి 200 మీటర్లు. ట్రెడ్‌మిల్‌కు సూత్రం వేరు: ఆ 200ను 0.2తో హెచ్చించి 3.5 కలపండి, 43.5. ఈ సూత్రం బెల్టు వేగాన్నే చూస్తుంది, చేతుల్ని చూడదు. ముంజేతులు రెండూ రెయిలింగ్ మీద ఆనించి బరువంతా దానికే అప్పజెప్పండి. పాదాలు బెల్టును అలా తాకుతూ ఉంటే చాలు. చెమటకు చేతులు జారతాయి, జేబురుమాలు చుట్టుకోండి. బయటి ఎదురుగాలికి సరిపడా ఒక శాతం ఎత్తు పెట్టమంటారు. పెట్టకండి, ఫ్యాను గాలి చాలదూ?

6. అన్నిటికన్నా నమ్మకమైన మార్గం మేనల్లుడు. తెలంగాణలో మగపిల్లలకు కానిస్టేబుల్ పరుగు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో. దానికి తయారయ్యే కుర్రాడు ప్రతి ఇంటా ఒకడుంటాడు. వాచీ వాడికి పెట్టండి. మావాడి మణికట్టు సన్నం, బెల్టు ఆఖరి రంధ్రానికీ ఆగలేదు, జడకు పెట్టే రబ్బరు బ్యాండు వేశాం. 12 నిమిషాల్లో 2850 మీటర్లు. 504.9 తీసేసినా 52.4! ఖర్చు రెండు ప్లేట్ల ఇడ్లీ. ‘మామయ్యా, నువ్వూ రా’ అంటాడు. మోకాలు చూపించండి.

7. సాకులు వారానికి సరిపడా ముందే రాసి పెట్టుకోండి. ఉక్క, కుక్కలు, కొత్త షూ, నిన్నటి పెళ్లి భోజనం. ఒకే సాకు నెలలో రెండుసార్లు వాడొద్దు.

8. ఇక ఆ అంకెను వాడుకోండి. అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ పట్టికల్లో 52కు హాఫ్ మారథాన్ దాదాపు గంటా 28 నిమిషాలు. అంటే కిలోమీటరుకు 4 నిమిషాల 12 సెకన్లు. రేసు ఫారంలో అదే రాయండి, ముందు వరసలో నిలబెడతారు. తుపాకీ పేలగానే అదే వేగంతో వెళ్లండి, మధ్యలో తగ్గించొద్దు. నేను తగ్గించలేదు. సరిగ్గా తొమ్మిది వందల మీటర్ల దాకా పట్టికలో రాసినట్టే పరుగెత్తాను. తర్వాత కుడి పిక్క రాయిలా బిగుసుకుంది, కళ్ల ముందు రోడ్డు పక్కకు వాలింది. స్ట్రెచర్ మీద వేసి, మూతికి మాస్కు పెట్టారు. ల్యాబులో అయితే దానికి వేలు వసూలు చేసేవారు, ఇక్కడ పైసా అడగలేదు. మీరు కూడా ఆ సమయంలో ఎడమ చెయ్యి దుప్పటి బయటే ఉంచుకోండి. ఫొటోలో వాచీ స్పష్టంగా పడాలి, నాది 52 చూపిస్తూనే ఉంది.