షరతులతో కూడిన మద్దతు

పాములపాడులో వైఖరి సారు ఒప్పుకోకుండా ఏ దేశానికీ విముక్తి రాదు. ఆయనకు అర్జీ పెట్టుకున్న దేశం ఇంతవరకూ ఒక్కటీ లేదనుకోండి, అది వేరే సంగతి. రిటైరైన పంతులు. పొద్దున్నే టీ అంగడిలో ఉగ్గాని, బజ్జీ చెప్పి, అవి వచ్చేలోగా ప్రజాశక్తి, విశాలాంధ్ర పక్కపక్కన పరుస్తాడు. రెండింట్లోనూ తప్పులు దొరికితేనే ఆయనకు ఆకలి పుడుతుంది. అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలియదు. ఏ గొడవ జరిగినా "ముందు మన వైఖరి తేలాలప్పా" అంటాడు గనుక ఆ పేరే స్థిరపడింది.

పరాయి సైన్యం మీద తుపాకి పట్టినవాడు ఎవడైనా సరే, సారుకు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒకటి, నీ నాయకత్వం ఏ వర్గానిది? రెండు, గెలిచాక ఏం చేస్తావు? ఎదురుగా ట్యాంకు వస్తోందన్న సాకులు చెల్లవు.

వియత్నాం ఒక్కటే ఏ పేచీ లేకుండా పాసయింది. నాయకుడు కమ్యూనిస్టు, శత్రువు అమెరికా, ఇంక అడగడానికేముంది! తంటా వచ్చింది 1979 డిసెంబరులో. సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో దిగింది. సీపీఐ, సీపీఎం సోవియట్ పక్షం. నక్సలైటు గ్రూపులేమో అది సోషల్ సామ్రాజ్యవాదుల దురాక్రమణ అన్నాయి. సారు వియ్యంకుడిది వెలుగోడు. నక్సలైటు నాయకుడు చండ్ర పుల్లారెడ్డి ఊరివాడు కాబట్టి ఆయన ఎటువైపో చెప్పక్కర్లేదు. పెండ్లిలో పెట్టుపోతల దగ్గర రాని తగాదా కాబూల్ దగ్గర వచ్చింది.

"అక్కడి ప్రభుత్వం పిలిస్తేనే పోయినారు బావా" అన్నాడు సారు.

"పిలిచిన అమీన్‌ను పోయీపోగానే చంపినారు గదా. అట్లాంటి చుట్టాలను మీ ఇంటికి పిలుస్తావా బావా?"

"ముజాహిదీన్లు నీకు కామ్రేడ్లా మరి? వాళ్ళకు తుపాకులిచ్చేది అమెరికా!"

దీనికి వెలుగోడు నుంచి జవాబు రాలేదు. పండక్కి రావాల్సిన అల్లుడు కూడా రాలేదు. 1996లో తాలిబాన్లు, సోవియట్ల అండతో ఏలిన నజీబుల్లాను చంపి కాబూల్ నడిబొడ్డున వేలాడదీసినప్పుడు సారు ఆ పేపరు మడిచి వియ్యంకుడికి పోస్టు చేశాడు. నవ్వుకుంటాం గానీ, ఆయన రెండో ప్రశ్న పిచ్చి ప్రశ్నేమీ కాదు. 2001లో అదే ఊరి మీదికి అమెరికా సైన్యం వచ్చింది, ఎదిరించేది మళ్ళీ ఆ తాలిబాన్లే. ఈసారి బావలిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని తలలు పట్టుకున్నారు. ఆఫ్ఘన్లు చేసిన మేలంటే అదొక్కటే, రాకపోకలు మొదలయ్యాయి.

పోతిరెడ్డిపాడు దగ్గర ఒక్కటిగా బయల్దేరిన కృష్ణ నీళ్ళు మా మండలంలోని బనకచెర్లకు వచ్చేసరికి తెలుగుగంగకు కొన్ని, ఎస్సార్బీసీకి కొన్ని, కేసీ కాలువకు కొన్ని అయిపోతాయి. ఎర్రజెండా కూడా 1964లో ఒకసారి, 1968లో ఒకసారి, 1971లో మరోసారి అట్లాగే చీలింది. సారు దీనికి బాధపడడు. వాదనంటే ఎట్లా ఉండాలో తెలంగాణ సాయుధ పోరాటాన్ని చూసి నేర్చుకోమంటాడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చాక తుపాకులు దించుదామని రావి నారాయణరెడ్డి, కూడదని మరికొందరు. ఇక్కడ తెగక 1951లో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో పోయి స్టాలిన్‌తోనే మాట్లాడి వచ్చారు. ఆ అక్టోబరులో పోరాటం విరమించారు. దేవుడి దయవల్ల పాములపాడు నుంచి మాస్కోకు బస్సు లేదు.

గాజా మీద సారు రాస్తున్న తీర్మానం మొదటి పేరాలో ఆక్రమణను నిప్పులు కురిపిస్తూ ఖండించింది. రెండో పేరాలో హమాస్ పేరు వచ్చింది. కలం అక్కడే ఉంది.

ఇక సొంత జిల్లా. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడి, 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి సంగతి. 2019లో సైరా సినిమా వచ్చినప్పుడు కుర్రాళ్ళు అంగడి ముందు ఈలలు వేస్తుంటే సారు బజ్జీ పక్కన పెట్టాడు.

"ఆయన పాలెగాడప్పా. పింఛను కాడ మొదలైన తిరుగుబాటు. నాయకత్వం ఫ్యూడల్."

అంగడి ఆమె పెనం దగ్గర నుంచే అడిగింది. "ఆయప్పను ఉరి తీసిందెవరు సారూ?"

"కుంఫిణీ వాళ్ళు."

"వాళ్ళది ఈ సీమేనా?"

"కాదమ్మా."

"మరి నువ్వు ఎవరి పక్క?"

అంగడంతా నిశ్శబ్దం. సారు కళ్ళజోడు తీసి తుడిచాడు. "నరసింహారెడ్డి పక్కే. కాకపోతే షరతులతో."

"తల నరికి ముప్పై ఏండ్లు కోటకు యాలాడదీసినారంటనే! ఇంకా ఏం షరతులు సారూ ఆయప్పకు?"

సారు చాలాసేపు ఆలోచించాడు. "నిజమేమ్మా" అన్నాడు చివరికి. "రెండో ప్రశ్న ఆయనకు మినహాయించినాం."