బండి చెబుతోంది, వినేవాళ్లేరీ?

మా రోజుల్లో లారీ ముందు చక్రంలో చప్పుడొస్తోందంటే మేస్త్రీ పానా పట్టుకునేవాడు కాదు, ముందు డ్రైవర్ని కూర్చోబెట్టి అడిగేవాడు. ఏ స్పీడులో మొదలవుతోంది? లోడు మీదేనా, ఖాళీ బండికి కూడానా? బ్రేకు తొక్కితే ఆగుతోందా, పెరుగుతోందా? ఎడమకి కోస్తే ఎలా ఉంది, కుడికి కోస్తే ఎలా ఉంది? ఇవన్నీ విన్నాకే జాకీ బయటికొచ్చేది. ఇప్పుడు బండి షెడ్డులోకి రావడం ఆలస్యం, కుర్రాడు ల్యాప్‌టాప్ తగిలిస్తాడు. కోడు రాలేదంటాడు. కోడు రాలేదు కాబట్టి చప్పుడు మన భ్రమేనంటాడు, లేకపోతే రెండు పక్కలా బేరింగులు రాసిచ్చేస్తాడు.

స్కానరు పనికిరాదని నేననను. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఇంజన్ల మీద అది లేకుండా చెయ్యి వెయ్యలేం. ఏబీఎస్ సెన్సరు చెడితే చెబుతుంది. కానీ గుంటలు పడ్డ రోలరు, గ్రీజు ఎండిన కింగ్ పిన్ను, డ్రమ్మును గీకుతున్న లైనరు రివెట్టు దానికి కనపడవు. వాటికి వైర్లు లేవు. ఉన్నదల్లా చప్పుడే.

ఆ చప్పుడు వినే మనుషులే పోయారని నా బాధ. పాత బండ్ల క్యాబిన్లో ఇంజను వేడి, దుమ్ము, రోడ్డు హోరు అన్నీ డ్రైవరు నెత్తినే పడేవి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిను తప్పనిసరి చేశారు, చాలా మంచి పని, ఎప్పుడో చెయ్యాల్సింది. అయితే అద్దాలెత్తి పాటలు పెట్టుకుని పోతుంటే చక్రం రొద మారిన సంగతి ఎవరికి తెలుస్తుంది? వెనకటికి క్లీనరుండేవాడు. దాబా దగ్గర బండి ఆగగానే టీ కూడా తాగకుండా రాడ్డుతో టైర్లన్నీ కొట్టి చూసి, ప్రతి హబ్బుకీ చేతి వెనక భాగం ఆనించేవాడు. ఒక పక్క గోరువెచ్చగా ఉండి రెండో పక్క కాలిపోతుంటే బేరింగన్నా బిగిసి ఉండాలి, బ్రేకన్నా పట్టేస్తూ ఉండాలి. అంత కథా అక్కడే తేలిపోయేది. జీతం మిగులుతుందని చాలామంది ఓనర్లు ఆ క్లీనర్నే మానిపించారు.

ఆ మధ్య ఆకివీడు వైపు నుంచి హౌరాకి చేపలు తోలే బండొకటి విజయవాడ ఆటోనగర్లో నా దగ్గరికొచ్చింది. ముందు నుంచి గూ... అని ఒకటే రొద. అప్పటికే డ్రైవరు ఓ చోట రెండు చక్రాలకీ బేరింగులు మార్పించాడు. డబ్బు పోయింది, రొద పోలేదు. "సిమెంటు రోడ్డెక్కితే ఎలా ఉందబ్బాయ్?" అని అడిగాను. "అక్కడ వేరేగా వస్తోంది మేస్త్రీ" అన్నాడు. నాకు సగం తెలిసిపోయింది. బేరింగు రొద స్పీడును బట్టి, మలుపును బట్టి మారుతుంది. ఎడమకి కోసినప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి అప్పుడు రొద పెరిగితే కుడి బేరింగును అనుమానించాలి. రోడ్డును బట్టి మారేది టైరు రొద. కుడి టైరు మీద అరచేత్తో రాస్తే మెట్లు మెట్లుగా తగిలింది.

మరి టైరు అలా ఎందుకు అరిగింది? అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఇరుసుకి జాకీ వేసి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను, లోపల ఆట ఉంది. డ్రైవర్ని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపాను. బ్రేకు తొక్కితే ఆట ఆగిపోయిందంటే అది బేరింగుది. ఆగలేదంటే కింగ్ పిన్నుది. ఆగలేదు. విప్పి చూస్తే బుష్షులు కోడిగుడ్డు ఆకారానికి అరిగి ఉన్నాయి, కింది గ్రీజు నిపుల్స్ మట్టితో పూడుకుపోయి గ్రీజు లోపలికి పోయిన జాడే లేదు. పిన్నూ బుష్షులూ వేసి, రీమరు కొట్టి, ఎలైన్‌మెంటు చూసి, టైరు మార్చాక రొద ఆగింది. ఒక్క గ్రీజు గన్ను వేళకి పట్టి ఉంటే ఇంత ఖర్చు లేదు.

బేరింగే పోయినా మార్చే పద్ధతొకటుంది. హబ్బులోని కప్పు పాతదే ఉంచి కోను ఒక్కటే కొత్తది వేస్తే అది నాలుగు రోజులు కూడా నిలవదు. గ్రీజు రోలర్ల సందుల్లోకి దిగేదాకా అరచేతిలో వేసి నొక్కి నింపాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, రోలర్లు కుదురుకున్నాక కాస్త వెనక్కి వదిలి లాకు వెయ్యాలి. ఇప్పటి కుర్రాళ్లు ఎయిర్ గన్నుతో బర్రున బిగించి వదిలేస్తున్నారు. ఆ బండి ఊరు దాటేలోపే హబ్బు కాలుతుంది. మా మేస్త్రీ అయితే కొంతదూరం తోలి వచ్చి, హబ్బు మీద చెయ్యి వేసి చూశాకే డబ్బు తీసుకునేవాడు.

2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు వాగు ముంచినట్టు బండి హబ్బుల దాకా నీళ్లలో నిలబడితే చప్పుడొచ్చే దాకా ఆగకండి. నీళ్లు దిగిన గ్రీజు పాలలా తెల్లబడి బేరింగును తుప్పు పట్టిస్తుంది. అన్ని హబ్బులూ విప్పి కడిగించండి.

డ్రైవరు తమ్ముళ్లూ, రోజుకోసారి కాసేపు పాట ఆపి అద్దం దించండి. బండి ఆపిన చోటల్లా హబ్బులు తాకి చూడండి. ఓనర్లు పాత బేరింగు అడిగి చేతిలోకి తీసుకోండి. నీలం తిరిగిందంటే వేడికి పోయింది, ఎర్రగా తుప్పుంటే నీళ్లకి పోయింది, గుంటలు పడితే బరువుకో వయసుకో పోయింది. ఎందుకు పోయిందో చెప్పలేని షెడ్డులో మాత్రం కొత్తది వేయించకండి.