మూడో అంకె

లాప్‌టాప్‌లలో మధ్యరకానిది కొనడమే కష్టం. లక్ష పెట్టేవాడికి అన్నీ ఉంటాయి, పాతిక వేలవాడికి ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. 50, 60 వేల మధ్య మాత్రం కంపెనీ ఒకచోట ఇచ్చి ఇంకోచోట కోత పెడుతుంది. ఆ కోత ఎక్కడుందో కనిపెట్టగలగాలి. అందుకే మా పక్కింటి మాస్టారు తోడు రమ్మనగానే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి బయల్దేరాను. వాళ్లమ్మాయి కూడా వచ్చింది. కొన్నాళ్లుగా పుట్టింట్లోనే ఉంటోంది. ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం వెతుక్కుంటోందట.

షాపతను రెండు తీసి ముందు పెట్టాడు. రెండింటి మీదా రైజెన్ 5 అనే ఉంది. ఒకటి 7520యు, ఇంకోటి 7530యు. మొదటిది కొన్ని వేలు తక్కువ, పైగా 16 జీబీ ర్యామ్. మాస్టారి చెయ్యి దాని మీదికే వెళ్లింది.

"ఆగండి మాస్టారూ. మొదటి అంకె 7 అంటే 2023 మోడల్ అని, అంతే. లోపలి సరుకు ఏనాటిదో చెప్పేది మూడో అంకె. అక్కడ 2 ఉందంటే జెన్ 2, 2019లో వచ్చిన డిజైన్. దీనికి నాలుగే కోర్లు. ఆ 3 ఉన్నది తర్వాతి తరం, ఆరు కోర్లు."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని స్టిక్కర్ మీదికి వంగారు. అక్కణ్ణుంచి ప్రశ్నలే ప్రశ్నలు. ఈ రెండోదాంట్లో ర్యామ్ 8 జీబీయే కదా, చాలుతుందా? చాలదు. కానీ ఇందులో రెండో స్లాట్ ఖాళీగా ఉంది, ఇంకో 8 వేయించుకోవచ్చు. పక్కదాంట్లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, పెంచుదామన్నా కుదరదు. మరి స్క్రీన్? లోపమంతా అక్కడే. 250 నిట్స్ వెలుగు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రంగులు. కిటికీ ఎదురుగా కూర్చుంటే వెలవెలబోతుంది, ఎర్రచీర ఇటుక రంగులో కనిపిస్తుంది. డిజైనింగ్ పనికైతే వద్దనేవాణ్ణి. అమ్మాయి చూసుకుంటున్నవి ఎక్సెల్, వీడియో కాల్స్‌తో గడిచిపోయే ఉద్యోగాలు, కాబట్టి సర్దుకోవచ్చు.

మాస్టారు అంతటితో వదల్లేదు. మూత నెమ్మదిగా తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు. ఈ ధరలోవాటికి తరచూ దెబ్బతినేది హింజ్ దగ్గరే, అక్కడి మరలు ప్లాస్టిక్‌లో దిగి ఉంటాయి. ఆ సంగతి నేను చెప్పేలోపే ఆయన వేలు అక్కడ నొక్కి చూస్తోంది. కీబోర్డు మధ్యలో కుంగుతోందేం అన్నారు. వేడెక్కితే ఫ్యాన్ ఎంత మోత పెడుతుంది? ఛార్జర్ పోతే టైప్-సీతో ఎక్కుతుందా? పాడైతే మనిషి ఇంటికొస్తాడా, మనమే మోసుకెళ్లాలా? తీరా ఇంటికెళ్లాక సరిపడకపోతే వెనక్కి తీసుకుంటారా?

చివరిదానికి మాత్రం షాపతను తల అడ్డంగా ఊపాడు.

మాస్టారు తృప్తిగా కూతురివైపు తిరిగారు. "చూశావా అమ్మా, పైన అంటించింది చూసి తీసేసుకోకూడదు. లోపల ఏముందో అడిగి తెలుసుకోవాలి. 55 వేలంటే మాటలా!"

ఆ అమ్మాయి అప్పటిదాకా నోరు విప్పలేదు.

"నా పెళ్లికి అబ్బాయి జీతం ఒక్కటే అడిగావు నాన్నా."