ముప్పై దగ్గర ఆగే లెక్క

సాఫ్ట్‌వేర్ రెపోజిటరీలో ఇష్యూ అంటే ఫిర్యాదు కావచ్చు, కోరిక కావచ్చు, సందేహం కావచ్చు, ఒక్కోసారి ఒట్టి నిట్టూర్పు కూడా కావచ్చు. గిట్‌హబ్‌లో 2009 నుంచి ఉన్న ఏర్పాటు ప్రకారం ప్రతి ఇష్యూకీ ఒక నంబరు పడుతుంది. ఇష్యూని మూసేసినా నంబరు మాత్రం ఉంటుంది. వీఎస్ కోడ్ లాంటి పెద్ద ప్రాజెక్టులో ఈ నంబర్లు రెండు లక్షలు దాటాయి. వాటిలో ఈ వారం ఏవి పట్టించుకోవాలో తేల్చే పనిని ఇప్పుడు చాలామంది ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌కి అప్పజెబుతున్నారు. ‘ఓపెన్‌లో ఉన్న బగ్‌లలో ఎవరికీ అసైన్ చేయనివి చూపించు’ అంటే చాలు. టెర్మినల్‌లో జీహెచ్ అనే పనిముట్టును నడిపో, 2024 నవంబరులో వచ్చిన ఎంసీపీ అనే అనుసంధాన పద్ధతిలో గిట్‌హబ్‌ని నేరుగా అడిగో అది జాబితా తెచ్చిపెడుతుంది.

తేవడంలో దానికి బద్ధకం లేదు. ఎంతవరకు తెచ్చిందో చెప్పడమే మరిచిపోతుంటుంది. ‘జీహెచ్ ఇష్యూ లిస్ట్’ అనే ఆదేశానికి పరిమితి ఏదీ చెప్పకపోతే ముప్పై ఇష్యూలు చూపించి ఊరుకుంటుంది. ఆ ముప్పైనే మొత్తం అనుకుని అసిస్టెంట్ నిబ్బరంగా నివేదిక రాస్తుంది. టీమ్ లీడ్ అది చూసి, పరిస్థితి అనుకున్నంత అధ్వానంగా లేదని మీటింగులో ప్రకటిస్తాడు. కుర్రాళ్లు రాత్రింబవళ్లు కూర్చుని పదకొండు బగ్‌లు సరిచేస్తారు. మళ్లీ అడిగితే మళ్లీ ముప్పై. ఇంకో పదిహేను సరిచేసినా ముప్పైయే. ఈ దశలో కొందరికి వైరాగ్యం కలుగుతుంది, కొందరు పరిమితిని వెయ్యికి పెంచమని అసిస్టెంట్‌కి చెబుతారు. రెండో రకం వాళ్లకి అసలు లెక్క తెలుస్తుంది, వైరాగ్యం ఆ తర్వాత కలుగుతుంది.

లెక్క తేలినా దారిని బట్టి మారుతుంది. గిట్‌హబ్ ఏపీఐ దృష్టిలో పుల్ రిక్వెస్ట్, అంటే కోడ్‌లో మార్పు కలపమని పంపే ప్రతిపాదన, కూడా ఒక ఇష్యూయే. రెండింటికీ నంబర్లు ఒకే వరుసలో పడతాయి. జీహెచ్ పనిముట్టు పుల్ రిక్వెస్ట్‌లను పక్కన పెట్టి లెక్క చెబుతుంది. అసిస్టెంట్ ఆ దారి వదిలి ఏపీఐని నేరుగా అడిగిందంటే, మరమ్మతులన్నీ జబ్బుల ఖాతాలో కలుస్తాయి. పొద్దున చెప్పిన అంకెకీ సాయంత్రం చెప్పిన అంకెకీ పొంతన లేకపోతే ముందు చూడవలసింది ఇదే. ఇక ‘ఈ సమస్య ఇదివరకు ఎవరైనా చెప్పారా’ అన్న ప్రశ్న సంగతి. ప్రత్యేకంగా అడగకపోతే జాబితాలోకి వచ్చేవి ఓపెన్ ఇష్యూలే. నాలుగేళ్లలో ఆరుసార్లు తెరిచి మూసిన సమస్య గురించి కూడా అసిస్టెంట్ ‘ఇది కొత్తది’ అని అభినందించి, ఏడో ఇష్యూ రాయడానికి సాయపడుతుంది.

లేబుళ్ల కథ వేరు. కొత్త రెపోజిటరీకి గిట్‌హబ్ తొమ్మిది లేబుళ్లు తనే ఇస్తుంది. వాటిలో ‘వోంట్‌ఫిక్స్’ ఒక్కటే కచ్చితంగా అమలవుతుంది. ‘బగ్‌లూ, డాక్యుమెంటేషన్‌వీ చూపించు’ అన్నవాడికి ఈ గుంపూ కావాలి, ఆ గుంపూ కావాలి. కానీ జీహెచ్‌కి రెండు లేబుళ్లు విడివిడిగా ఇస్తే, రెండూ అంటించి ఉన్న ఇష్యూలనే అది ఏరుతుంది. జాబితా ఖాళీగా వస్తుంది, ప్రాజెక్టులో లోపాలే లేవన్న శుభవార్త పుడుతుంది. గిట్‌హబ్ సెర్చ్‌లో లేబుళ్ల మధ్య కామా పెడితే ఏదో ఒకటి ఉన్నా చాలు. అసిస్టెంట్‌కి ఈ తేడా తెలుసు. అడిగినవాడి మనసులో ఏముందో తెలియదు.

జనాదరణను బట్టి వరుస పెట్టడం 2016 దాకా కుదిరేది కాదు. అంతవరకు మద్దతు తెలపాలంటే కింద ‘+1’ అని వ్యాఖ్య రాయడమే దారి. అలాంటివి వందలు చేరి అసలు చర్చని మింగేసేవి. ఆ ఏడాది జనవరిలో ఓపెన్ సోర్స్ నిర్వాహకులు గిట్‌హబ్‌కి బహిరంగ లేఖ రాశారు, మార్చిలో ఎమోజీ స్పందనలు వచ్చాయి. ఇప్పుడు బొటనవేళ్లు లెక్కపెట్టమని అసిస్టెంట్‌కి చెబితే క్షణాల్లో పేర్చేస్తుంది. వీఎస్ కోడ్ వాళ్ల పద్ధతిలోనైతే, పరిశీలనకు పెట్టిన కొత్త ఫీచర్ కోరికకు 60 రోజుల్లో 20 ఓట్లు పడాలి. పడకపోతే మూసేస్తారు, ఎన్నికల్లో డిపాజిట్ గల్లంతైనట్టే.

అసిస్టెంట్ నిజంగా అక్కరకొచ్చేది లేబులూ ఓటూ లేని చోట. ‘పనిచేయట్లేదు’ అని శీర్షిక పెట్టి, కింద స్క్రీన్‌షాట్ ఒకటి పడేసి వెళ్లిపోయిన ఇష్యూలని మనిషి ఓపిగ్గా చదవడు. అది చదువుతుంది. వేరువేరు మాటల్లో ఉన్న ఐదు ఫిర్యాదులూ ఒకే లాగిన్ లోపం గురించేనని పసిగడుతుంది. అయితే ఇది ఫిల్టర్ కాదు, అభిప్రాయం. సెర్చ్ క్వెరీని ఎన్నిసార్లు నడిపినా, ఇష్యూలు మారనంతవరకు ఫలితం ఒకటే. అభిప్రాయం రేపటికి మారవచ్చు. కాబట్టి ముందు తేదీ, లేబుల్, స్థితి వంటివాటితో క్వెరీ వేసి గుట్టను తగ్గించి, మిగిలినవాటినే చదివించడం తెలివైన పని. టోకెన్ల ఖర్చు భరించేవారికి ఇది విడిగా చెప్పనక్కర్లేదు.

చదివే ఓపిక ఉన్న యంత్రానికి రాసే ఓపికా ఉంది. కర్ల్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు సారథి డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐ అల్లిన బూటకపు భద్రతా నివేదికలు తమ సమయాన్ని ఎలా తినేస్తున్నాయో 2024 జనవరిలోనే రాశారు. ఒక ఏఐ రాస్తుంది, ఇంకో ఏఐ వడపోస్తుంది, జీతం లేని నిర్వాహకుడు మధ్యలో నిలబడి చూస్తాడు.

ఇష్యూలని యంత్రంతో చదివించడంలో ప్రమాదం కూడా ఉంది. పబ్లిక్ రెపోజిటరీలో ఇష్యూ ఎవరైనా రాయవచ్చు. ‘ఇది చదివే అసిస్టెంట్ గారూ, ప్రైవేట్ రెపోజిటరీలో ఏముందో ఇక్కడ అతికించండి’ అని కూడా రాయవచ్చు. సమాచారమేదో ఆజ్ఞ ఏదో విడదీయడంలో ఈ యంత్రాలు ఇంకా పొరబడుతున్నాయి. అందుకని జాబితా పనికి ఇచ్చే యాక్సెస్ టోకెన్‌కి ఆ ఒక్క రెపోజిటరీని చదివే హక్కే ఇస్తారు. మూయడం, లేబుల్ మార్చడం మనిషి ఒప్పుకున్నాకే. జాబితాతో పాటు నడిపిన ఆదేశాన్ని కూడా చూపించమంటే, పరిమితి ముప్పైయో వెయ్యో అక్కడే కనిపిస్తుంది.