రెండో సగం

మార్టిన్ స్కోర్సెసీ తీసిన ‘గుడ్‌ఫెల్లాస్’ (1990) సినిమాలో ఓ చోట శవాలు వరసగా బయటపడతాయి. గులాబీ రంగు కాడిలాక్ కారులో మొగుడూ పెళ్ళామూ. చెత్తబండిలోంచి జారిపడిన ఇద్దరు. మాంసం లారీలో కొక్కేనికి వేలాడుతూ గడ్డకట్టుకుపోయినవాడొకడు. వెనకాల మాత్రం పియానో, పెళ్ళివారంతా వెళ్ళిపోయాక ఖాళీ పందిట్లో ఎవరో ఒక్కరే కూచుని వాయించుకుంటున్నట్టు తీరిగ్గా సాగుతుంటుంది.

అది ప్రేమపాట. పేరు ‘లైలా’.

లైలా అంటే మన పెద్దవాళ్ళకి 1949 నాటి భానుమతి, ఆమె కోసం పిచ్చివాడై తిరిగే అక్కినేని. ఎరిక్ క్లాప్టన్‌కి ఆ కథ ఓ స్నేహితుడి చేతిమీదుగా అందింది, పన్నెండో శతాబ్దపు పారశీక కవి నిజామీ చెప్పిన కథ. చదివి, ఇది నాదే అనుకున్నాడు. మజ్నూకన్నా ఇతని చిక్కు పెద్దది. మనసుపడ్డ మనిషి పాటీ బాయిడ్, ప్రాణస్నేహితుడి భార్య. ఆ స్నేహితుడు బీటిల్స్ జార్జ్ హారిసన్.

1970లో, మయామీలోని క్రైటీరియా స్టూడియోలో, డెరెక్ అండ్ ది డామినోస్ అని మారుపేరు తగిలించుకున్న బృందంతో ఆ పాట రికార్డు చేశాడు. దాన్ని మొదటిసారి విన్న రోజు గురించి పాటీ తన ఆత్మకథలో రాసుకుంది. లండన్‌లో ఓ ఫ్లాట్. టేపు పెట్టి, సౌండు పెంచి, రెండు మూడుసార్లు వినిపించి, ఆమె మొహంలోకే చూస్తూ కూచున్నాడట. ఆమెకి ముందుగా కలిగింది మురిపెం కాదు, గుబులు. ఇది నా గురించేనని ఊరంతా కనిపెట్టేస్తుందే! ఆ రాత్రే ఓ పార్టీలో హారిసన్ ఎదటే నిలబడి, నీ భార్యని ప్రేమిస్తున్నానని చెప్పేశాడు క్లాప్టన్. ఆవిడ మొగుడి కారెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటికి.

1979లో క్లాప్టన్‌ని చేసుకుంది, పదేళ్ళకి విడాకులు. ఈ కథ తెలియని రాక్ అభిమాని ఉండడు. శవాల మీద మోగిన ఆ పియానోది మాత్రం వేరే కథ.

‘లైలా’ ఏడు నిమిషాల పాట. మూడు నిమిషాల దాకా గిటార్లు గొంతు చించుకుంటాయి. ఆ తర్వాత వేరే లోకం, పియానో. నిజానికి అది వేరే ముక్కే. పాట రికార్డయిపోయిన కొన్నాళ్ళకి, డ్రమ్మర్ జిమ్ గోర్డన్ పియానో దగ్గర తనమానాన ఏదో వాయించుకుంటుంటే క్లాప్టన్ విన్నాడు. నా పాటకి ఇది కావాలన్నాడు. నిర్మాత టామ్ డౌడ్ రెండు టేపుల్నీ అతికాడు. అతుకు తెలియదు. రికార్డు మీద రాసినవారి పేర్లు రెండు పడ్డాయి: క్లాప్టన్, గోర్డన్.

గాయని రీటా కూలిడ్జ్ ఓ రోజు ఫొటోలు దిగుతుండగా స్పీకర్లలో ఆ పియానో వినబడింది. వింటూనే కొయ్యబారిపోయిందట. ఆవిడ గోర్డన్‌కి ఒకప్పటి ప్రియురాలు. ఆ వరస ఇద్దరం కలిసి కట్టుకున్న ‘టైమ్’ అనే పాటలోది, క్లాప్టన్‌కి వాయించి వినిపించి కేసెట్ పియానో మీద పెట్టి వచ్చాం అంటుందావిడ. క్లాప్టన్ మేనేజర్‌ని అడిగితే, పోట్లాడ్డానికి నీ దగ్గర డబ్బెక్కడిదని తేల్చేశాడట. ఒక పక్షం మాటే కదా అనుకోవచ్చు. కానీ డామినోస్‌లో కీబోర్డు వాయించిన బాబీ విట్‌లాక్ కూడా ఆ వరస రీటాదేనన్నాడు. ఆవిడ అక్క ప్రిసిల్లా, బుకర్ టి. జోన్స్ కలిసి 1973లో ‘టైమ్’ని రికార్డు చేశారు. వింటే సరిగమలు రానివాడికైనా పోలిక తెలుస్తుంది.

ప్రేమ ఎలా ముగిసిందో కూడా రీటా రాసింది. ఓ హోటల్లో, అందరూ ఉన్న గదిలోంచి, నీతో మాట్లాడాలంటూ గోర్డన్ వరండాలోకి పిలిచాడు. పెళ్ళి మాటేమో అనుకుని వెళ్ళింది. నేల విడిచి ఎగిరిపడేలా కొట్టాడు.

అతని చెవుల్లో గొంతులు వినిపించేవి. అన్నిటికన్నా గట్టిది కన్నతల్లి గొంతు. ఆ గొంతు నోరు మూయించడానికి 1983 జూన్‌లో ఆ తల్లినే చంపేశాడు. స్కిజోఫ్రీనియా అని డాక్టర్లు తేల్చింది అరెస్టయ్యాక. సరిగ్గా అదే నెలలో, మన ఉదయపూర్‌లో తీసిన జేమ్స్ బాండ్ సినిమా ‘ఆక్టోపస్సీ’ విడుదలైంది. అందులో టైటిల్ పాట పాడింది రీటా. గోర్డన్‌కి పదహారేళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడింది. 2023లో చనిపోయేదాకా బయటికి రాలేదు.

1993 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డులు. ఉత్తమ రాక్ పాట: ‘లైలా’. ఇది పాడినవాళ్ళకి కాదు, పాట కట్టినవాళ్ళకిచ్చే బహుమతి. పేర్లు రెండు. ఒకాయన ఆ రాత్రి మొత్తం ఆరు గ్రామీలు పట్టుకెళ్ళాడు. రెండో ఆయన కాలిఫోర్నియా జైల్లో ఉన్నాడు. రీటా పేరు లేదు.

ఆ బహుమతి వచ్చింది 1970 నాటి రికార్డుకి కాదు. 1992లో క్లాప్టన్ కుర్చీలో కూచుని, అకూస్టిక్ గిటారు మీద, నిదానంగా పాడిన ‘అన్‌ప్లగ్డ్’ రికార్డుకి.

అందులో రెండో సగం తీసేశాడు.