పక్క గదిలో తెర

నేను డెస్క్‌టాప్ కంప్యూటర్‌ని. తాతయ్య పడుకునే గదిలో, కిటికీ కింద బల్ల మీద ఉంటాను. రాత్రి తొమ్మిది దాటితే ఆ గదిలో లైటు వెలగకూడదు, మానిటర్ వెలుగూ పనికిరాదు. అందుకే చాలాకాలం నా గ్రాఫిక్స్ కార్డు బలమంతా సెలవురోజు మధ్యాహ్నాలకే పనికొచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయి హాల్లో కూర్చుని ఫోనులో ఆడుతుంది. ఆట నడిపేది నేనే. నాలో సన్‌షైన్, ఫోనులో మూన్‌లైట్. రెండూ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే. ఫోను చూపిన నాలుగంకెల పిన్‌ను సన్‌షైన్‌లో కొట్టగానే మా ఇద్దరికీ జత కుదిరింది.

"ఎవరూ లేరు కదమ్మా, ఈ ఫ్యాను ఎందుకు తిరుగుతోంది?" అన్నాడు తాతయ్య మొదటి రాత్రి.

"నేనే ఆడుతున్నా తాతయ్యా, హాల్లోంచి."

సెకనుకు 60 బొమ్మలు గీస్తాను. ఒక్కోదానికి 17 మిల్లీసెకన్లు కూడా ఉండవు. గీసిన బొమ్మను సన్‌షైన్ అందుకుంటుంది, కార్డులోని ఎన్‌కోడర్ దాన్ని వీడియోగా కుదిస్తుంది, ప్యాకెట్లుగా రౌటర్‌కు చేరుతుంది. దారిలో కొన్ని పోతాయి. మళ్ళీ పంపమని అడిగేలోగా ఆ క్షణం దాటిపోతుంది. అందుకే పోయినవాటిని ఫోనే తిరిగి కట్టుకునేలా అదనపు ప్యాకెట్లు ముందే కలిపి పంపుతాం. నా పనిలో నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఎదురుదారిలో ఆమె వేళ్ల కదలిక వస్తుంది. అది ఆలస్యమైతే ఎంత అందమైన బొమ్మైనా వృథా. అందుకని నాకు రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగారు, ఫోనును 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చారు.

మానిటర్ ఆపితే నాకు తెరే లేనట్టయి, పంపడానికి బొమ్మ దొరికేది కాదు. చిన్న హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ పెట్టారు. దాన్ని నేను తెర అనే అనుకుంటాను.

మూన్‌లైట్‌ను మొదలుపెట్టింది అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ విద్యార్థులు, ఎమ్‌హ్యాక్స్ అనే హ్యాకథాన్‌లో. అప్పట్లో అది ఒక గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ సొంత స్ట్రీమింగ్ సదుపాయం మీదే ఆధారపడేది. 2023లో ఆ కంపెనీ దాన్ని తొలగించడం మొదలుపెట్టింది. అయినా ఆట ఆగలేదు. అదే పద్ధతిలో మాట్లాడే సన్‌షైన్ అప్పటికే ఉంది, పైగా అది ఏ కంపెనీ కార్డుతోనైనా పనిచేస్తుంది. కోడ్ అందరి ముందూ ఉంది కనుక ఒకరు వదిలేసినా ఇంకొకరు బాగుచేస్తారు. నా ఆయుష్షు పెరిగింది అందువల్లే.

మీ ఇంట్లోనూ నాలాంటిది మూల కూర్చుని ఉంటే, కొత్త పరికరం కొనేముందు ఒక లాన్ కేబుల్ తగిలించి సన్‌షైన్, మూన్‌లైట్ వేసి చూడండి. రెండూ ఉచితమే.