లుంగీకి ప్రవేశం లేదు

మా పొన్నైకి సముద్రం కొత్త కాదు. సముద్రానికే మా పొన్నై తెలియదు. చిత్తూరు పక్కన నీవా అని పిలిపించుకునే ఏరే మా ఊరికొచ్చేసరికి పొన్నై అవుతుంది. తిరువలం దాటి పాలారులో పడుతుంది. పాలారు వాయలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇదంతా మ్యాపు చెప్పే మాట. ఏడాదిలో ముప్పాతిక కాలం మా ఏట్లో పారేది ఎండే. 2021 నవంబరులో మాత్రం పాత బాకీ వడ్డీతో తీర్చినట్టు పారింది. తిరువలం దగ్గర రైలు వంతెన దెబ్బతిని డిసెంబరులో రైళ్లు నిలిపేశారు. ఆ నీళ్లన్నీ టిక్కెట్టు లేకుండా సముద్రం చేరాయి. మేం చేరడానికి మాత్రం మా పెద్దోడు బెంగుళూరులో కూర్చుని రూము బుక్ చేయాల్సి వచ్చింది.

అమ్మానాయనా జన్మలో ఎక్కడికీ పోలేదని వాడి బాధ. పోకేం, పోయినాం. తిరుపతి, కాణిపాకం, వల్లిమల, లెక్కలేనన్ని సార్లు రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రి. "ఆస్పత్రి టూరు కింద రాదు నాయనా" అన్నాడు. మహాబలిపురం దారిలో, ఈసీఆర్ పక్కన, సముద్రం ఒడ్డున పెద్ద రిసార్టు. పేరు చెప్పను. చెబితే ఆ రిసార్టు స్టార్ రేటింగుకు నేనేదో చేశానంటారు.

వాడు పెట్టిన షరతు ఒక్కటే: "నాయనా, లుంగీ తేవద్దు."

గుడియాత్తం చేనేత సొసైటీలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పడుగు పేకల లెక్క రాసీ రాసీ కళ్లద్దాలు తెచ్చుకున్నవాణ్ణి. ఈ మాట అంటున్నవాడి ఇంజనీరింగు ఫీజు కట్టింది ఏ గుడ్డో వాడికి తెలుసు. "మరి పడుకునేప్పుడు ఏం కట్టుకోవాల్రా?" అన్నాను. షార్ట్స్ కొని పంపాడు. వాటి మీద కొబ్బరిచెట్లు, చిలకలు. మా ఆవిడ వాటిని ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి మనవడికి పంపినట్టుండాడు, అడ్రసు మారింది" అంది. రెండు లుంగీలు పెట్టె అడుగున, ఆమె చీరల కింద, సరుకు దాటించేవాళ్ల నేర్పుతో సర్దేశాం.

రిసెప్షనులో మెళ్లో గవ్వల దండ వేసి, చేతిలో ఒక కాగితం పెట్టారు. వచ్చిన సందర్భం ఏమిటట: హనీమూను, పెళ్లిరోజు, పుట్టినరోజు, ఆఫీసు పని. కొడుకు పోరు అనే గడి లేదు. మా ఆవిడ హనీమూను దగ్గర టిక్కు పెట్టించింది. "అప్పుడు మీ అమ్మకు కాలు విరిగిందని యాడికీ పోనియ్యలేదు గదా, బాకీ ఉండాది" అంది. దాని ఫలితం మంచం మీద కనబడింది. తువ్వాళ్లతో చేసిన రెండు హంసలు, చుట్టూ గులాబీ రేకులు. "పూజ చేసినారా, దిష్టి తీసినారా?" అంటూ ఆమె రేకులన్నీ దోసిట్లోకి ఊడ్చి చెత్తబుట్టలో వేసింది. హంసల్ని విప్పి తువ్వాళ్లు చేశాక గానీ మాకు కూర్చోను చోటు దొరకలేదు.

రూములో అన్నిటికంటే గొప్పది స్నానాలగది అని చూపించిన కుర్రాడు గర్వంగా తలుపు తీశాడు. పైకప్పు లేదు. నాలుగు గోడలు, కింద గులకరాళ్లు, పైన ఆకాశం. మా ఆవిడ తల ఎత్తి చూసింది. ఆమె పుట్టింట్లో స్నానం తడిక చాటున. పెళ్లిచూపులప్పుడు ఆమె నాయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న "స్నానాలగదికి కప్పు ఉండాదా?" అని. మూడు వాసాలు, ఇన్ని పెంకులు ఉన్నాయని చూపించాకనే సంబంధం కుదిరింది. "కప్పు పీకేసినదానికి దుడ్లు ఎక్కువ తీసుకుంటారా?" అని ఆమె అడిగింది. తీసుకుంటారు. రోజుకు ఏడువేల అయిదువందలు దాటిన రూముకు జీఎస్టీ 18 శాతం. ఆకాశం కూడా అందులో కలిసే ఉంటుంది.

ఇక సముద్రం. సముద్రం ఉంది. దాని ముందర ఒక తాడు, తాడుకు ఎర్రజెండా, జెండా పక్కన ఈల పట్టుకున్న మనిషి. ఈ తీరంలో అలకు పైన ఒక ఊపు, లోపల ఒక లాగుడు. ఈత వచ్చినవాళ్లనే లోపలికి గుంజుకుపోతుంది. ఆ ఈల మనిషిని నేను తప్పు పట్టను. మోకాలు తడిస్తే చాలు, ఊదుతాడు. కాబట్టి సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లంతా సముద్రానికి వీపు పెట్టి నీలం టైల్సు కొలనులో నానుతూ ఉంటారు.

నేనూ నానుదామనే పోయాను, లుంగీ ఎగ్గట్టుకుని. కొలను కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. పలమనేరు దగ్గరివాడట, తెలుగువాడు.

"సార్, కాటన్ వద్దు సార్. దారాలు ఫిల్టర్లో ఇరుక్కుంటాయి. రంగు కూడా పోతుంది."

దారాల మాట ఒప్పుకుంటాను. ఎక్కడైనా దారం దారమే. రంగు పోతుందన్నాడే, అది మాత్రం గుండెలో దిగింది. అరవయ్యో నంబరు నూలు, వాట్ రంగు, మరిగే నీళ్లలో వేసినా గడి చెదరదు. కొలను గట్టు మీద నిలబడి ఈ సంగతంతా ఆ అబ్బాయికి వివరించాను. వాడు "సరే సార్" అని నైలాన్ నిక్కరు ఒకటి తెచ్చి చేతికిచ్చాడు.

రంగు పోవడమంటే ఏమిటో, దాని విలువేమిటో ఆ పిల్లవాడికి ఎవరు చెబుతారు? కన్నూరు నుంచి వచ్చిన కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ అని ఒకాయన చేనేత బట్ట ఎగుమతి చేసేవాడు. 1958లో అమెరికా వ్యాపారి ఒకడు ఆయన దగ్గర మన మద్రాసు గళ్ల బట్ట వేల గజాలు కొన్నాడు. ఇది నాటు రంగు నాయనా, చన్నీళ్లలో విడిగా ఉతుక్కోవాలి అని నాయర్ చెప్పే పంపాడు. ఆ ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది. న్యూయార్కులో బ్రూక్స్ బ్రదర్స్ వాళ్లు దాంతో కోట్లు కుట్టి అమ్మారు. దొరలు కొన్నారు, మెషీన్లో వేశారు. ఒక్క ఉతుకుకు పచ్చ ఎరుపులోకి, ఎరుపు పక్కవాడి తెల్లచొక్కాలోకి పోయింది. కోర్టుకు ఈడుస్తామని లాయర్లు లేచారు. అప్పుడెవరో బుర్రున్నవాడు ఒక పత్రికలో పేజీలకు పేజీలు రాయించాడు: ఇది మామూలు బట్ట కాదు, ఉతికిన ప్రతిసారీ కొత్త రంగు తిరిగే భారతదేశపు అద్భుతం అని. "రంగు పోతుంది, గ్యారంటీ" అని ప్రకటనలే వేశారు. బ్లీడింగ్ మద్రాస్ అనే పేరుతో జనం ఎగబడి కొన్నారు. మా సొసైటీలో రంగు దిగిన లుంగీ వెనక్కి వస్తే మేనేజరు నేతగాడి కూలిలో కోసేవాడు. అదే రంగు అట్లాంటిక్ దాటి దిగితే అద్భుతమైంది.

కథ అక్కడితో ఆగలేదు. ఆ నాయరే 1980లలో హోటళ్లు కట్టడం మొదలుపెట్టాడు, భార్య పేరు మీద లీలా అని. గోవాలో సముద్రం ఒడ్డున కూడా కట్టాడు. అంటే గళ్ల బట్ట అమ్మిన మనిషి కట్టిన రిసార్టులు దేశంలో ఉన్నాయి, గళ్ల బట్ట కట్టిన మనిషి మాత్రం కొలను గట్టు దగ్గర ఆగిపోవాలి. ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఆమె విన్నది వేరే. "ఆయన పెండ్లాం పేరు హోటలుకు పెట్టినాడు. మీరు నా పేరు రేషన్ కార్డు మీద తప్ప యాడన్నా రాయించినారా?" అంది. నైలాన్ నిక్కరు వేసుకుని నేను తొందరగా నీళ్లలో దిగిపోయాను.

సాయంత్రం లోపలి దుకాణంలో అసలు దృశ్యం. గాజు అద్దాల వెనక మెత్తటి దీపం కింద ఒక గళ్ల గుడ్డ వేలాడుతోంది. నీలం మీద తెలుపు గడి, అంచులో సన్నటి ఆకుపచ్చ చార. దగ్గరికి పోయి రెండు వేళ్ల మధ్య నలిపాను. గంజి పెట్టిన తీరు, అంచు నేత, గడి కొలత, అంతా మా వైపు సరుకే. ఇంట్లో దీంతో ఇస్త్రీపెట్టె పట్టుకుంటాం. చీటీ మీద 'రిసార్ట్ వేర్ – బీచ్ ర్యాప్' అని ఉంది. ధర నాలుగువేల రెండువందలు. అమ్మే పిల్ల ఒక విదేశీ ఆవిడకు ఎట్లా కట్టుకోవాలో చూపిస్తోంది. మెడ వెనక ముడి, ఛాతీ మీద ముడి, తుంటి మీద ముడి. లుంగీకి ముడి ఏమిటి? నడుము చుట్టూ బిగించి, కొసను మడిచి లోపలికి దోపాలి. దోపు సరిగ్గా పడితే సైకిలు తొక్కినా, చెట్టెక్కినా, పంచాయితీలో పోట్లాడినా జారదు. చెబుదామని ముందుకు ఒక అడుగు వేశాను. మా ఆవిడ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది: "పరాయి ఆడామెకు లుంగీ కట్టేది నేర్పిస్తారా మీరు?"

ఆ లుంగీనే కట్టుకుని ఆవిడ రాత్రి భోజనాల హాల్లోకి దర్జాగా వచ్చింది. మేనేజరు వంగి దండం పెట్టి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. నేను నా లుంగీలో గుమ్మం దాకా వెళితే, "స్మార్ట్ క్యాజువల్ సార్" అన్నాడు, తలుపుకూ నాకూ మధ్య నిలబడి. తమిళనాడులో పంచెకు చట్టం ఉంది. 2014లో ఒక హైకోర్టు జడ్జీగారినే పంచెలో వచ్చాడని చెన్నైలో ఒక క్లబ్బు లోపలికి రానీయలేదు. గొడవ అసెంబ్లీ దాకా పోయింది, ఆ సంవత్సరమే చట్టం వచ్చింది. 2019 అక్టోబరులో చైనా అధ్యక్షుడు మహాబలిపురం వచ్చినప్పుడు మన ప్రధానమంత్రి పంచె కట్టుకునే రాతి రథాలన్నీ తిప్పి చూపించాడు. పంచెకు అసెంబ్లీ ఉంది, ప్రధాని ఉన్నాడు. లుంగీ కోసం ఎవడు లేస్తాడు? నేనే రూముకు పోయి ప్యాంటు వేసుకొచ్చాను. రసం చిన్న గాజు గ్లాసులో పోసి, పైన కొత్తిమీర రెబ్బ ఒకటి నిలబెట్టి తెచ్చారు. మా ఆవిడ అది గొంతులో పోసుకుని, మిగతాది ఎప్పుడొస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంది.

సూర్యాస్తమయం చూస్తూ తాగే పానీయాలకు ఇంకో రేటు పెట్టారు. తూర్పు తీరంలో! జనం గ్లాసులు పట్టుకుని సముద్రం వైపు గంభీరంగా చూస్తున్నారు. సూర్యుడు వాళ్ల వీపు వెనక, జనరేటర్ షెడ్డు మీదుగా, టోల్‌గేటు వైపు దిగి తన దారిన పోయాడు. చెబితే ఏం బాగుంటుందని నేనూ ఊరుకున్నాను.

తెల్లవారుజామున మాకు ఎట్లాగూ మెలకువే. సూర్యుడు నిజంగా సముద్రంలోంచి లేచే వేళకు ఇసుకలో గిరాకీలు ఎవరూ లేరు. తాడు అవతల, రిసార్టు హద్దు దాటగానే, పది పదిహేను మంది ఫైబర్ పడవ ఒకదాన్ని గట్టు మీదికి తోస్తున్నారు. అందరివీ లుంగీలే, మోకాళ్ల పైకి ఎగ్గట్టినవి. అల వచ్చి నడుము దాకా తడిపి పోతోంది. ఒక్కరి దోపు జారలేదు. వలలో నెత్తళ్లు, నాలుగు కానాగంతలు. వంజరం ఒకటి ఉంటే ఒక హోటలు మనిషి పడవ ఆగకముందే బేరం చేసి సంచిలో వేసుకున్నాడు. నేను నా లుంగీలోనే నిలబడి చూస్తున్నాను. వాళ్లలో పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "కుడియాత్తం కైలియా?" అన్నాడు తమిళంలో. అవునన్నాను. "ఉప్పునీళ్లకు ఆగేది అదొక్కటే" అన్నాడు. ఆ మాటకు ఆయన దగ్గర కానాగంతలు అడిగిన ధరకే కొన్నాను. మా ఆవిడ మాత్రం ఈ పొగడ్తకు ఎంత ఎక్కువ పెట్టానో లెక్కకట్టి, రెండు గుప్పిళ్ల నెత్తళ్లు కొసరు వేయించుకుంది.

చేపలు వంటగదికి తీసుకెళితే షెఫ్ చేతులు జోడించాడు. బయటి సరుకు లోపల వండకూడదట, రూలు. రాత్రి ఆయన వడ్డించిన చేప ఏ లోపల పుట్టిందో అడగాలనిపించింది గానీ, మనిషి మంచివాడు, ఐస్ గడ్డలు నింపి డబ్బా ఒకటి ఇచ్చాడు. కాంచీపురం, రాణిపేట మీదుగా ఇంటికి చేరి పులుసు పెట్టుకున్నాం. అది వేరే కథ, ఎక్కువ రుచికరమైన కథ.

బయల్దేరేముందు బిల్లు చూస్తున్నాం. ఒక కొబ్బరిబోండం మూడువందల యాభై. మా తోటలో అయితే కోసినవాడికి కూలి ఇచ్చి, కాయ కూడా వాడికే ఇచ్చి పంపుతాం. ఇంతలో పలమనేరు అబ్బాయి పెట్టె మోసుకుపోవడానికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"సార్, మీ లుంగీ చూసినాను. మా క్వార్టర్స్‌లో ఆరుగురం ఉండాం. ఇక్కడ బజార్లో కొన్నది రెండు ఉతుకులకే చినిగిపోతాండాది. మీ ఊర్లో మీకు తెలిసిన చోట హోల్‌సేల్ రేటుకు దొరుకుతాయా సార్? ఆరు కావాల."

నా మొహం ఎట్లా వెలిగిందో నాకు కనబడలేదు గానీ, మా ఆవిడ చూసి తల కొట్టుకుంది. బిల్లు పక్కన పెట్టేశాను. ఏ నంబరు నూలు, రెండు మీటర్లా రెండుంపావా, కుట్టినదా కుట్టనిదా, గడి పెద్దదా చిన్నదా, అన్నీ అడిగి ఆ బిల్లు వెనకే రాసుకున్నాను. వాడు ప్రతిదానికీ ఠకఠకా సమాధానం చెప్పాడు. ఎరిగినవాడు. సముద్రం పక్క రంగు నిలవాలి, ముదురు నీలం అయితే మేలు అన్నాడు.

"నిన్న రంగు పోతుందన్నావు కదా?" అన్నాను.

"అది డ్యూటీలో సార్" అన్నాడు.

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంటూ వాడి వైపు తిరిగింది. "నాయనా, ఆరు లుంగీలు పంపిస్తాం. దుడ్లు ఇప్పుడే ఇయ్యి. ఈయన్ని నమ్మి అప్పు పెట్టుకోవద్దు, నువ్వు మెచ్చుకుంటే ఊరికే ఇచ్చేస్తాడు."